కనుబొమ మీది గుర్తు

ఈ బెంచీ చేసినవాడెవడో గానీ కాలొకటి పొట్టిగా కోశాడు, కదిలితే చాలు టకటకమంటోంది, ముసలాయన అరచెయ్యి ఆన్చి చూశాడు, నలభై ఏళ్ళు వడ్రంగం చేసిన చెయ్యి ఊరుకోదు, పక్కన భార్య అతని మోచెయ్యి పట్టుకుని కూర్చుంది, ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఆమెకు కుడి కన్ను మసక, ఎడమది మంచిది, డాక్టరు మంచిదాన్ని కోసి పాడుచేశాడు, ఇప్పుడీ కోర్టు వరండాలో చెప్పుల చప్పుడు ఎటు వినిపిస్తే అటు తల తిప్పుతోంది, ఆ రోజు నర్సు నీలం పెన్నుతో ఎడమ కనుబొమ మీద గుర్తు పెట్టింది, అతనూ చూశాడు, చూసి కూడా, తన కొట్లో అయితే చెక్క మంచి ముఖం మీదే పెన్సిల్ గుర్తు పెడతాడు, అటువైపు ఉలి తగలకూడదని, వాళ్ళదీ అదే పద్ధతి కాబోలనుకున్నాడు, ఏం తెలివి, అమ్మాయ్, ఇది కాదేమోనే, రెండోది కదూ అని ఆమె నర్సుతో అననే అంది, చదువుకున్నవాళ్ళకి నువ్వు చెప్పొచ్చావా, నోరు మూసుకో అన్నది తనే, రోజుకి పది మాటలు ఆడని మనిషికి అప్పుడే నోరు పెగిలింది, తాతగారు గట్టివారే అని నర్సు నవ్వింది, అతను కాస్త ఉబ్బాడు కూడా, ఉబ్బాడు, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు కాలిపోతాయి.

మొన్న లాయరమ్మ అడిగింది, పెద్దాయనా, మీవైపు నుంచి ఎవ్వరూ అభ్యంతరం చెప్పలేదంటోంది ఆస్పత్రి, ఒక్క మాట అన్నా కేసు నిలబడుతుంది, గుర్తు చేసుకోండి, అతను గోడ మీది క్యాలెండరు చూస్తూ లేదమ్మా అన్నాడు, అమ్మా, నువ్వైనా ఏం అనలేదా అని కూతురు అడిగితే ఆమె నాకేం గుర్తులేదే అంది, ఎప్పుడో అతను పారేసుకున్న కొలబద్ద ఏ గూట్లో ఉందో చెప్పగల మనిషి, గుర్తులేదట, అతను హమ్మయ్య అనుకున్నాడు, ఛీ.

ఏమయ్యా, ఆ నిట్టూర్పులేంటి అంటోంది పక్కనుంచి ఆమె, ఏం లేదు, బెంచీ కుంటిది అన్నాడు, అయితే ఓ చెక్కముక్క దూర్చు, వడ్రంగివేగా అని నవ్వింది, అతని వైపే అనుకుని తిరిగి పక్కనున్న స్తంభాన్ని చూసి నవ్వింది, లోపల్నుంచి బంట్రోతు పిలిచాడు, లాయరమ్మ రమ్మని చెయ్యి ఊపుతోంది, అడుగుతారు, ఎవరైనా చెప్పారా అని అడుగుతారు, లేదని చెబితే కూతురి ముందు తన పరువు దక్కుతుంది, దక్కి ఏం చేసుకోను, లేవబోతుంటే ఆమె చెయ్యి మోచేతి మీంచి జారి అతని వేళ్ళు వెతుక్కుని పట్టుకుంది, నొక్కలేదు, బతిమాలలేదు, గుర్తులేకపోవడమేమిటి, ఆ రోజు తను మూసుకోమన్న నోరు ఆమె ఇంకా తెరవలేదు, అంతే, తెరవాల్సింది తను.