కోతపండుగ పుంజు

కోతపండుగ వేలంలో తన నాటుపుంజు వంతు వచ్చేసరికి సుజానా కొంగు అంచున దారం మిగల్లేదు. పొద్దుటి నుంచీ పీకుతూనే ఉంది మరి.

పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మొగుడు నతానియేల్. జీపు డ్రైవరు. లక్షమందిలో ఒకరికొచ్చే నరాల జబ్బట. ఏనాడూ లాటరీ తగలని మనిషికి అది మాత్రం వెతుక్కుంటూ వచ్చి తగిలింది. వానాకాలమంతా కాళ్ళూ చేతులూ చచ్చుబడి విశాఖ ఆసుపత్రిలో ఉన్నాడు. ఇప్పుడిప్పుడే కోలుకుంటున్నాడు. ముద్ద నోటిదాకా వెళుతుంది గాని చెయ్యి అంతకు పైకి లేవదు. ఫిజియోథెరపీ సెంటర్లో ఇంకో నెల ఉంటే నడుస్తాడన్నారు. ఆ నెలకి డబ్బు లేదు. అందుకే జి.మాడుగుల చర్చి సంఘం ఈ ఏటి వేలం సొమ్మంతా అతనికే అంది.

ఈ వేలానికో పద్ధతుంది. పాటలో గెలిచినవాడు డబ్బు కట్టి, వస్తువు "దేవునికే" అని తిరిగిచ్చేస్తాడు. మళ్ళీ పాట. నిరుడు ఒక్క గుమ్మడికాయ సగం సంఘం చేతులు మారి, చివరికి పాస్టరుగారింట్లో పులుసైంది.

"ఆరొందలు, మూడోసారి! వరహాలరావుగారిదే!" అన్నాడు వేలం పాడే ఏసుదానం.

వరహాలరావు నర్సీపట్నం నుంచి వచ్చి ఇక్కడ కిరాణాకొట్టు పెట్టుకున్నాయన. సరుకు ఎప్పుడూ నతానియేల్ జీపులోనే వచ్చేది గనక, అతనికోసం మొదటిసారి గుడిమెట్లెక్కాడు. డబ్బిచ్చి, పుంజుని చంకలో పెట్టుకుని, చక్కగా స్కూటరు వైపు నడిచాడు.

"ఓలమ్మో, పట్టుకెల్పోతన్నాడే!" అంది అత్త ఎస్తేరమ్మ.

"అడుగత్తా, బేగి!"

"నానేటని అడుగుతాను? కొన్న కోడి ఇచ్చీ బావూ అనా? నువ్వడుగు."

సుజానా లేచింది, కూర్చుంది, మళ్ళీ లేచింది. సంఘపెద్దలు పైకప్పు రేకుల్లో చిల్లులు వెతుకుతున్నారు. ఏసుదానం మాత్రం అలవాటు కొద్దీ "మళ్ళీ పాట! ఎంత?" అని మొదలెట్టేశాడు. ఎదురుగా కోడి లేదన్న సంగతే చూసుకోలేదు.

నతానియేల్ గొంతుకింకా బలం రాలేదు. వరహాలరావుని ఆపాలని చెయ్యెత్తాడు. చెయ్యి నోటిని దాటింది. చెవి దాటింది.

"నతానియేలు ఏడొందలు!" అరిచాడు ఏసుదానం.

వరహాలరావు గిర్రున తిరిగాడు. "ఏటీ? నాను కొన్న కోడికి ఇంకోడి పాటేటి?"

ఎస్తేరమ్మకి అప్పుడొచ్చింది ధైర్యం. "మా పద్దతి బావూ. కొన్నోలు దేవుడికిచ్చీత్తారు, మళ్ళీ పాడతారు."

"ముందు సెప్పాలి కదమ్మా!" ఆయన పుంజుని చూశాడు, గాల్లో ఉన్న ఆ చేతిని చూశాడు. వెనక్కొచ్చి పుంజుని బల్లమీద దించాడు. "ఎనిమిదొందలు."

"తొమ్మిది!" అన్నాడు వెనకనుంచి కాఫీతోట సుక్రు.

"మావా, దించు. సెయ్యి వణికిపోతంది," అంది సుజానా.

"దించితే పాట ఆగిపోద్దే," గొణిగాడు నతానియేల్.

ఏసుదానానికి దిగని ఆ చెయ్యి కనబడింది కాబోలు, మూడోసారి అనకుండా "రెండోసారి" దగ్గరే సాగదీస్తున్నాడు. ఎంత వణికినా ఆసరా పట్టొద్దని ఫిజియోథెరపీ అమ్మాయి మరీ మరీ చెప్పింది. సుజానా తన రెండు చేతులూ తొడల కింద పెట్టి, వాటిమీద గట్టిగా కూర్చుంది.