పైపైన తోడే నీళ్లు

"చేద జానెడు మించి మునగకూడదు, గుర్తుంచుకో." పెళ్లయి ఈ ఇంటికొచ్చిన మర్నాడే అత్తయ్య నాకు చెప్పిన మాట ఇది. మా దీవిలో బావి నీళ్లంటే నేలలోకి దిగిన వాననీరే. అది కిందున్న సముద్రపు నీటి మీద పాల మీద మీగడలా పల్చగా నిలుస్తుంది. తొందరపడి లాగితే ఉప్పు పైకొస్తుంది. అందుకే పదకొండేళ్లుగా పొద్దున్నే రెండు గంటలు పైపైన తోడుతున్నాను, ముందుగా ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూస్తున్నాను. అదీ ఒక పనేనా అంటారు మా ఆయన.

వాన పడి పద్నాలుగు నెలలైంది. నీళ్ల పడవ పది రోజులకోసారి వస్తుంది, అదీ వస్తే. వీధిలో ఆరిళ్లు మా బావినే నమ్ముకున్నాయి. మా ఇంట్లో అందరి స్నానాలూ అయ్యాక నాకు మిగిలేది ఒక తడిగుడ్డ.

మొన్న ఆయన మోటారు తెచ్చి బావిలోకి పైపు దించారు. నీకోసమే, ఇక చేతులు నొప్పెట్టవు అన్నారు. నా నొప్పి పదకొండేళ్లకి గుర్తొచ్చిందని మురిసిపోవాలి కాబోలు. మూడు చెంబుల స్నానమట కదా అని ఆఫీసులో ఎవరో ఆయన్ని చూసి నవ్వారు, అసలు మంట అదీ. ఉప్పు పైకొస్తుందండీ అన్నాను. "మా తాత తవ్వించిన బావి సంగతి నువ్వు నాకు చెప్తావా?" అన్నారు. రెండు సాయంత్రాలు డ్రమ్ములు పొంగిపొర్లేదాకా మోటారు ఆడింది.

ఈ పొద్దున నాలిక చివర సన్నగా ఉప్పు తగిలింది. ఇంకో రెండు రోజులిలాగే లాగితే ఆరిళ్ల గొంతులు ఎండుతాయి. చెంబు అత్తయ్య చేతికిచ్చాను. ఆవిడ ఒక గుక్క తాగి, పెరటి చివర పాడుబావి వైపు చూశారు. ఆ బావి ఈ ఇంట్లో పాత జోకు. కూరలో ఉప్పెక్కువైనప్పుడల్లా మామయ్య, "మీ అత్త బావినే ఉప్పుచేసిన మనిషి, కూరెంత" అని నవ్వుతారు, అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను, ఎన్నోసార్లు.

"అది నేను చెడగొట్టలేదే," అన్నారు అత్తయ్య. "మీ మామయ్య ఇంకా లోతు తవ్వించారు. వద్దని మొత్తుకున్నాను. ఉప్పు పడ్డాక, నాకు తోడడం చేతకాలేదని ఆయనే ఊరంతా చెప్పారు. మా అత్తకి నిజం తెలుసు. నోరు విప్పలేదు."

నాకు సిగ్గేసింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఆయన ఆఫీసుకి వెళ్లగానే బావిలోంచి పైపు పైకి లాగుతుంటే, అడక్కుండానే వచ్చి రెండో కొస పట్టుకున్నారావిడ. దాన్ని పక్కింటి అటక మీద పడేసి, రేపట్నుంచి అందరం చేదతోనే అని ఆరిళ్లకీ చెప్పొచ్చాను.

సాయంత్రం ఆయన స్విచ్ వేశారు. మోటారు ఉత్తినే గీపెట్టింది. పైపెవరు తీశారని అరిచారు. మామయ్య కుర్చీలోంచి లేచి నావైపు వేలు చూపించారు.

"నేనే తీశాను," అన్నాను. "అనండి మామయ్యా. ఈసారైనా, చేసిన పనికే అనండి."