మాలినీదేవి పద్యం

ఆ సోమవారం పొద్దున హారతికి తణుకు వెళ్ళాల్సిన పనేమీ లేదు. థీసిస్ ఎప్పుడో బైండింగయి, పరీక్షకుల దగ్గరికి వెళ్ళి, మెచ్చుకోళ్ళతో తిరిగొచ్చింది. గురువారం వైవా. అదొక్కటీ అయిపోతే పేరుకు ముందు డాక్టరు వచ్చి కూర్చుంటుంది. రాజమండ్రి కాలేజీలో తొమ్మిదేళ్ళుగా గెస్ట్ ఫాకల్టీ అన్న ముద్దుపేరుతో చాకిరీ చేస్తున్న మనిషి, వచ్చే నెల పర్మనెంటు పోస్టు ఇంటర్వ్యూకి తలెత్తుకుని వెళ్ళొచ్చు. డాక్టరేటు లేనివాళ్ళని ఆ గుమ్మం కూడా తొక్కనివ్వరు. అంత పని చేతికందే దూరంలో పెట్టుకుని, వైవాలో చూపించే స్లైడ్లలో ఒక ఫొటో తక్కువైందని బస్సెక్కింది. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు గానీ, హారతికి ఊరుకోవడం పుట్టుకతోనే రాలేదు.

ఆ ఫొటో సూరమ్మది. తొంభై ఏళ్ళ కిందట గోదావరి పక్క ఓ బడిపంతులు రాసిన 'ధర్మకేతు' అనే పద్యనాటకంలో, ఒకప్పుడు ఊరూరా మాలినీదేవి వేషం కట్టిన మనిషి. హారతి థీసిస్ అంతా ఆ నాటకం మీదే. కథ చిన్నదే. రాజు ధర్మకేతు. ఏటిగట్టు బీటలిస్తోందని రైతులు మూడేళ్ళు మొరపెట్టుకున్నా యాగాల్లో మునిగి వినిపించుకోడు. వరదొచ్చి గండి పడుతుంది. కన్నబిడ్డను గండికి బలిస్తానని నది ముందు మాటిస్తాడు. ఆ బిడ్డను తెచ్చి రాజు చేతుల్లో పెట్టాల్సింది తల్లి మాలినీదేవి. ఆఖరి రంగంలో ఆమె ఒక్క మాటా మాట్లాడదు. తల వంచుకుని బిడ్డను ఇచ్చేస్తుంది. ఇంతలో ప్రజలు మట్టి తట్టలతో వచ్చి గండి పూడ్చడం, నది శాంతించడం, పిల్లాడు బతకడం, మంగళహారతి.

మాలిని ఎందుకు మాట్లాడలేదు? ఈ ఒక్క ప్రశ్న మీద హారతి నలభై పేజీలు రాసింది. అది మూడో అధ్యాయం. ఆ మౌనంలో భూదేవి సహనం ఉందంది, సత్యం ముందు మాతృత్వం చేసిన నమస్కారం ఉందంది. పరీక్షకులు ముగ్గురూ మెచ్చుకున్నది ఆ అధ్యాయాన్నే. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసే భర్త గణేష్‌బాబు మాత్రం చదివి, "నీ రాజు మూడేళ్ళ ముందే నాలుగు లారీల మట్టి తోలించుంటే ఈ గొడవే లేదు కదే," అన్నాడు. ఇంజనీర్లకి నాటకం తలకెక్కదని హారతి నవ్వేసింది.

సూరమ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. తణుకులో చక్కెర ఫ్యాక్టరీ వెనక వీధిలో, మేనకోడలి ఇంటి ముందు గదిలో ఉంటుంది. కాఫీ ఇచ్చింది, ఫొటో ఇచ్చింది, జడ మీద చెయ్యేసి "నీకు పౌరాణికం మొహం ఉందమ్మా," అంది. ఆ మాటకి పొంగిపోయిన హారతి, వైవాలో చెప్పబోయేదంతా అక్కడే అప్పజెప్పింది. సూరమ్మ కళ్ళార్పకుండా వింది.

"మౌనమా?" అంది చివరికి. "మాలినీదేవి మాట్లాడదని నీకెవరు చెప్పారమ్మా?"

"పుస్తకంలో అలాగే ఉందండి."

"పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం అచ్చేసింది మా బుల్లబ్బాయిగారే కదా. మాలినీదేవి పద్యం తీసేశాక నాటక కంపెనీలో ఆడుకునే కాపీ ఉండేది. దాన్నే ప్రెస్సుకిచ్చారు. పంతులుగారి నాటి అచ్చు ప్రతులు అప్పటికే చెదలు తినేశాయి."

బుల్లబ్బాయిగారంటే ఆ కంపెనీకి యజమాని, హీరో కూడా. రాజు వేషం ఆయనదే. సూరమ్మ చెప్పింది విన్నాక హారతి చేతిలో కాఫీ చల్లారిపోయింది. పిఠాపురంలో ఒక శివరాత్రికి నాటకం ఆడారట. ఆఖరి రంగంలో బుల్లబ్బాయిగారు గుక్క తిప్పుకోకుండా రాగం తీసి పద్యం పాడితే, జనం ఒకసారి వన్స్ మోర్ అన్నారు. తరవాత మాలినీదేవి పద్యం. నాలుగే పాదాలు. జనం లేచి నిలబడి అడిగారు.

"మా వాళ్ళలో ఒక పద్ధతుందమ్మా. మొదటిసారి అడగ్గానే పాడేయకూడదు. వినపడనట్టు ఉండాలి. రెండోసారీ అంతే. మూడోసారి అడిగితే అప్పుడు అందుకోవాలి. ఆ రోజు మూడుసార్లు అడిగించుకుని పాడాను, మళ్ళీ మూడుసార్లు అడిగారు, మళ్ళీ పాడాను. ఆయన కిరీటం పెట్టుకుని పక్కన నిలబడే ఉన్నారు. మర్నాడు పిలిచి, సీను సాగుతోంది సూరమ్మా, రేపట్నుంచి ఆ పద్యం వద్దు, తల వంచుకుని బిడ్డనిచ్చెయ్యి, అన్నారు."

"మీరేమన్నారండి?"

"ఏమంటాను? తల వంచుకున్నాను. కానీ ఒక పని చేసేదాన్ని. బిడ్డని ఇచ్చేముందు ఆ పద్యం లోపల మొత్తం పాడుకునేదాన్ని. రాగంతో సహా. అది అయ్యేదాకా చెయ్యి చాపేదాన్ని కాదు. ఆ కాసేపూ జనం ఊపిరి బిగబట్టి చూసేవారు. పేపర్లో మౌనాభినయం అని రాశారు." సూరమ్మ నవ్వింది. తరవాత నవ్వు ఆపి, "నీకు పిల్లలున్నారా?" అని అడిగింది.

"పాపండి. సత్యశ్రీ. మూడో క్లాసు."

"రేపెవడో వచ్చి, గండి పడింది, నీ పాపనిమ్మంటే నోరు మూసుకుని ఇచ్చేస్తావా?"

హారతి కాఫీ గ్లాసు కింద పెట్టింది. నలభై పేజీలు రాసింది, ఐదేళ్ళు చదివింది, ఒక్కరోజైనా ఈ ప్రశ్న వేసుకోలేదు. సిగ్గేసింది. సూరమ్మ పద్యం పాడలేదు, మాటగా చెప్పింది. హారతి నోట్‌బుక్కులో రాసుకుంది.

ఆ సాయంత్రం నుంచి కాలు గాలిన పిల్లిలా ఇంట్లో తిరగడం మొదలైంది. కూర మాడ్చింది. సత్యశ్రీకి ఒకే హోంవర్కు రెండుసార్లు చెప్పింది. చివరికి పుస్తకం తీసి ఆఖరి రంగం మళ్ళీ చదివితే, అరవై ఒకటో పేజీలో ఒక మాట తేలులా కుట్టింది. గండి దగ్గరికి తట్టతో వచ్చిన రెండో పౌరుడు అంటాడు: 'అమ్మ ఆ మాట అన్నాక కూడా తట్ట ఎత్తనివాడు మనిషేనా?'

ఏ మాట? అచ్చులో మాలిని ఏ మాటా అనలేదే! పద్యం కోసేసినవాళ్ళు ఈ పౌరుణ్ణి మరిచిపోయారు. హారతి మరిచిపోలేదు. ఇంకా ఘనకార్యం చేసింది. 'ఇక్కడ మౌనమే మాట' అని రెండు పేజీల వ్యాఖ్యానం రాసింది. రాజు గట్టును నిర్లక్ష్యం చేసిన మొదటి రంగాన్ని 'కథకు అనవసరం' అని తీసిపారేసింది. ఇప్పుడు పద్యాన్ని దాని చోట పెట్టి చదివితే మొదటి రంగానికీ, పౌరుడికీ, తట్టలకీ అన్నిటికీ అర్థం వచ్చేసింది. నాటకం త్యాగం గురించి కాదు. పని చెయ్యాల్సిన రోజున చెయ్యక, చివర్లో తల్లి ఒళ్ళో బిడ్డని అడిగేవాడి గురించి. గణేష్‌బాబు నాలుగు లారీల మట్టి అన్నప్పుడు నవ్వినందుకు ఇప్పుడు తనమీద తనకే ఒళ్ళు మండింది.

మంగళవారం గైడు శివరామకృష్ణగారి ఇంటికి వెళ్ళింది. ఆయన విని, కళ్ళజోడు తుడుచుకుని, తలుపు దగ్గరగా వేసి వచ్చారు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల అమ్మా? అచ్చు ప్రతి ప్రమాణం. దాని మీద నువ్వు రాసింది రాసినట్టు నిలబడుతుంది. ఒక ముసలావిడ జ్ఞాపకం పట్టుకుని వైవాలో లేచి, నా అధ్యాయం తప్పు అంటావా?"

"అరవై ఒకటో పేజీ ఉంది కదండి."

"అది నీకు తప్ప ఎవరికీ కనపడలేదు. డిగ్రీ తీసుకో. ఇంటర్వ్యూ అవనీ. తరవాత తీరిగ్గా ఒక వ్యాసం రాయి, నేనే అచ్చు వేయిస్తాను. ఇప్పుడు నోరు మూసుకో తల్లీ, నీ మంచికే చెబుతున్నాను."

ఆయన నిజంగానే మంచికే చెప్పారు. అదే హారతిని ఇంకా కుదురుగా ఉండనివ్వలేదు. తొమ్మిదేళ్ళ తరవాత వచ్చిన అవకాశం, వయసు ముప్పై తొమ్మిది, ఇంకోసారి వస్తుందన్న నమ్మకం లేదు. బుధవారమంతా తేలు కుట్టిన దొంగలా ఎవరికీ చెప్పకుండా తిరిగింది. సాయంత్రం గోదావరి గట్టు మీదికి వెళ్ళి బ్యారేజీ వైపు నడిచి, సగంలో వెనక్కొచ్చి, మళ్ళీ నడిచింది. వ్యాసం తరవాత రాయొచ్చు, నిజమే. బుల్లబ్బాయిగారు కూడా సూరమ్మతో అలాగే అన్నారట, సీజన్ అయిపోనీ, తరవాత చూద్దాం, అని.

ఇంటికొచ్చి తణుకు ఫోన్ చేసింది. "రేపు రాజమండ్రి రాగలరా అండి? పొద్దున వచ్చి నేనే తీసుకెళ్తాను. వైవాకి ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు."

"మేకప్ వేసుకోవాలా?" అంది సూరమ్మ.

గురువారం యూనివర్సిటీ హాల్లో ఇరవై మంది ఉన్నారు. సూరమ్మ జరీ అంచు తెల్లచీర కట్టుకుని చివరి వరసలో కూర్చుంది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దాయన, మెత్తని మనిషి. స్లైడ్లు అయ్యాక, ఇష్టమైన మిఠాయిని చివరికి దాచుకున్నట్టు ఆ ప్రశ్న వేశారు.

"మాలినీదేవి మౌనాన్ని ఇంత లోతుగా పట్టుకున్నవారు లేరమ్మా. ఒక్క వాక్యంలో చెప్పండి. ఆమె ఎందుకు మాట్లాడలేదు?"

శివరామకృష్ణగారు చూపుతోనే బతిమాలారు. అయినా హారతి నోరు తెరిచింది.

"మాట్లాడిందండి. నేనే తప్పు రాశాను."

హాల్లో కుర్చీలు కదిలాయి. హారతి అరవై ఒకటో పేజీ చదివింది. కంపెనీ ఆడుకునే కాపీ అచ్చుకెలా వెళ్ళిందో చెప్పింది. మొదటి రంగం ఎందుకు అవసరమో, పౌరుడు ఏ మాట గురించి అన్నాడో, తను దాన్ని మౌనంగా ఎలా మార్చేసుకుందో చెప్పింది. ఐదేళ్ళ పనిని పావుగంటలో తనే పడగొట్టింది.

"మీరు చెప్పే ఆ పద్యం ఏదమ్మా?" అన్నారు పరీక్షకుడు.

"వేషం కట్టినవారే వచ్చారండి."

సూరమ్మ ముందు కుర్చీ పట్టుకుని లేచింది. హార్మోనియం లేదు, దీపాలు లేవు. కళ్ళు మూసుకుని పద్యం ఎత్తుకుంది.

*గట్టు కోసుకుపోవగా కన్ను మూసి*
*తట్ట మన్నైన మోయని ధరణినాథ!*
*నేడు నా బిడ్డ నడుగంగ నెట్లు వచ్చె*
*నోరు నీకయ్య? తట్టెత్తు నూరు మార్లు!*

మూడో పాదంలో 'నా బిడ్డ' దగ్గర గొంతు విరిగింది. ఆ మాటలు పలికింది గానీ రాగం అందలేదు. నాలుగో పాదం ఎలాగో ముగించి కూర్చుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ప్రొఫెసర్లు వైవాలో వన్స్ మోర్ అనరు కదా. పెద్దాయన కాగితం మీద ఏదో రాసి సంతకం పెట్టారు. మూడో అధ్యాయం తిరిగి రాసి, ఆర్నెల్లలో మళ్ళీ సమర్పించాలి. "మంచి అధ్యాయం అవుతుందమ్మా," అని కూడా అన్నారు. వచ్చే నెల ఇంటర్వ్యూకి ఆ మాట పనికిరాదు.

సాయంత్రం సూరమ్మను దింపడానికి హారతి తణుకు బస్సెక్కింది. బస్సు రావులపాలెం దాటింది. హారతికి ఏడుపొస్తోంది, ఆపుకుంటోంది.

"నీకు నష్టమైందా అమ్మా?" అంది సూరమ్మ.

"అయిందండి. ఆర్నెల్లు. ఆ ఉద్యోగం కూడా ఇక రాదేమో."

సూరమ్మ అయ్యో అనలేదు. హారతి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. "నాకది మళ్ళీ పైకి పాడటానికి యాభై మూడేళ్ళు పట్టింది," అంది. "అదీ సరిగ్గా పాడలేకపోయాను. మూడో పాదం పాడు చేశాను. ఎవరైనా మళ్ళీ అడుగుతారేమో, సరిగ్గా పాడదామని చూశాను. అడగలేదు."

హారతి ఆమె వైపు తిరిగింది. "వన్స్ మోర్ అండి," అంది.

సూరమ్మ కిటికీలోంచి అరటితోటలు చూస్తూ కూర్చుంది. వినపడనట్టే.

"వన్స్ మోర్," అంది హారతి కాస్త గట్టిగా. ముందు సీట్లవాళ్ళు తిరిగి చూశారు. సూరమ్మ చీర కొంగు సర్దుకుంది గానీ పలకలేదు.

వెనక సీట్లో ఖాళీ చేపల గంప పక్కన పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. ఏ పద్యం అడుగుతున్నారో ఆవిడకి తెలీదు. "పాడండి మామ్మగారూ, పాపం అంతలా అడుగుతున్నారు కదా, వన్స్ మోర్!" అంది.

అది మూడోసారి. సూరమ్మ వీపు నిటారుగా పెట్టి ఎత్తుకుంది. మొదటి పాదం బస్సు చప్పుడు మీదుగా వెళ్ళింది. రెండో పాదానికి మాటలన్నీ ఆగిపోయాయి. మూడో పాదంలో, హాల్లో విరిగినచోటే, 'నేడు నా' దగ్గర గొంతు మళ్ళీ విరిగింది. జన్మలో నలుగురి ముందూ పాడి ఎరగని హారతి ఆ పాదం అక్కడినుంచి అందుకుంది.