మంగళవారం ఏడవని పిల్లాడు

తెల్లవారుజామున ఐదు కావస్తుండగా కోబినా మళ్ళీ లేచాడు. లేవడమంటే కళ్ళు నులుముకుంటూ లేవడం కాదు. ఒక్కసారిగా ఉలిక్కిపడి, గుక్కపట్టి ఏడవడం.

పెరట్లో పొయ్యి దగ్గర అరబా చేతులనిండా వేడి పిండి. కడుక్కుని లోపలికి వెళ్ళేసరికి అత్తగారు మన్సా మనవణ్ణి భుజాన వేసుకుని గదంతా తిరుగుతోంది. ఏడాదిన్నర పిల్లాడి వీపు చెమటతో తడిసిపోయింది.

"మూడు వారాలుగా ఇదే భాగోతం. ఇక నావల్ల కాదు," అంది మన్సా. "ఈ బుధవారం ఐదున్నర బస్సుకి వీణ్ణి మా ఊరు తీసుకుపోతాను."

ఆ ఊరు సముద్రానికి ఒక పూట ప్రయాణం దూరంలో, కోకో తోటల మధ్య. అక్కడికి వెళ్ళిన పిల్లలు బడి ఈడు వచ్చేదాకా తిరిగిరారు. అరబా భర్త క్వామెనా అలా పెరిగినవాడే. ఇప్పుడతను చేపల పడవ మీద పొరుగు దేశంలోని అబిజాన్ రేవు వైపు వెళ్ళి మూడు నెలలైంది. అడ్డు చెప్పడానికి ఇంట్లో లేడు.

అరబా వెతకని కారణం లేదు. చిగుళ్ళు తడిమింది, కొత్త పన్ను తగల్లేదు. నులిపురుగుల మందు వేయించింది. చాప దులిపి ఎండలో వేసింది. రాత్రి గంజిలో అల్లం మానేసింది. పొగ పడట్లేదేమోనని పొయ్యిని గోడ అవతలికి జరిపింది. ఆరోగ్య కేంద్రంలో నర్సు చెవుల్లోకి లైటు వేసి చూసి, "వీడికేం, రాయిలా ఉన్నాడు. నిద్ర కావలసింది నీకే," అని నవ్వి పంపేసింది. తల్లి పక్కలో లేక ఏడుస్తున్నాడా అంటే అదీ కాదు. నాలుగింటికి తను లేచినప్పుడు వాడు కదలను కూడా కదలడు. దాదాపు గంటసేపు హాయిగా పడుకుంటాడు. ఆ తర్వాతే ఆ అరుపు.

ఒక్క మంగళవారం తప్ప. మూడు మంగళవారాలూ ఎండ గదిలోకి వచ్చేదాకా నిద్రపోయాడు.

అది కనిపెట్టింది అరబాయే. అత్తగారికి చెప్పడమే పొరపాటైంది.

"మంగళవారం సముద్రానికి విశ్రాంతి," అంది మన్సా గొంతు తగ్గించి. "ఆ రోజు ఒక్క పడవైనా నీళ్ళలోకి దిగుతుందా? అది పడుకుంటే వీడూ పడుకుంటున్నాడు. మిగతా రోజుల్లో పిలుస్తోంది. పైగా వీడు పుట్టింది కూడా మంగళవారమే. ఇంకేం కావాలి నీకు?"

ఇద్దరు మేనమామలను సముద్రానికి ఇచ్చుకున్న ఇల్లు అరబాది. ఆ రోజంతా చేస్తున్న పని మధ్యలో ఆగి నీళ్ళవైపు చూస్తూనే ఉంది. మంగళవారం ఏముండదు? పడవలుండవు. చేప ఉండదు. చేప లేనిరోజు చేపతో తినడానికి తను చేసే మొక్కజొన్న కెంకీ ముద్దలు కొనేవాళ్ళుండరు, కాబట్టి తన పొయ్యీ వెలగదు.

సోమవారం సాయంత్రం అరబా పులిసిన మొక్కజొన్న పిండిని బాన పక్కన సర్దుకుంటుంటే పక్కింటి ఎక్వా గోడమీంచి తొంగిచూసింది. చేపలు పొగబెట్టి అమ్మే మనిషి, నోటికి హద్దు లేదు.

"ఏమే అరబా, రేపు ఏ వారమో మర్చిపోయావా? కెంకీ పీతలకు పెడతావా?"

"పెడతాను. అప్పు మాత్రం ఇవ్వను."

"సముద్రానికి కోపం వస్తుందే!"

"చేపలు పట్టొద్దంది వదినా. పిండి కలపొద్దనలేదు."

రాత్రి అన్నాలయ్యాక అత్తగారి ముందు కూర్చుంది. "అత్తమ్మా, రేపు నాతోపాటు లేచి, దీపం పెట్టుకుని వాడి పక్కన కూర్చోండి. ఎత్తుకోవద్దు. ఏం చేస్తాడో చూడండి చాలు. రేపు ఏడవకపోతే బుధవారం బస్సుకి మూట నేనే కడతాను."

"ఏడిస్తే?"

"ఏడిస్తే పిలుస్తున్నది సముద్రం కాదు. నా పొయ్యి దగ్గరే ఏదో ఉంది."

మర్నాడు పడవ ఇంజన్ల చప్పుడు లేదు. చీకట్లో అరబా తెడ్డు బాన అంచుకు తగిలి దబ్, దబ్ మంటోంది. పిండి చిక్కబడేకొద్దీ భుజాలు లాగుతున్నాయి. ఆపాలంటే భయం. ఆపకపోతే మాడుతుంది. బిడ్డ ఏడిస్తే బాగుండునని ఏ తల్లి అయినా కోరుకుంటుందా? తను కోరుకుంటోంది. సిగ్గుపడుతూనే కోరుకుంటోంది.

పిండి అంచులు వదిలింది. తెడ్డు ఆపింది.

ఏమీ లేదు. కాసేపటివరకూ ఏమీ లేదు. అయిపోయింది, మూట కట్టాలి అనుకునేసరికి లోపలినుంచి కేక.

పరుగున వెళ్ళింది. మన్సా దీపం ముందు అలాగే కూర్చుని ఉంది, ఏడుస్తున్న మనవణ్ణి చూస్తూ.

"ఊగుతున్నాడే," అంది. "బోర్లా పడుకుని, కప్పలా కాళ్ళు చాపి, చాపను కావలించుకుని, నీ తెడ్డుతో పాటు ఊగుతున్నాడు. నిద్రలోనే! నువ్వు ఆపావు, వీడూ ఆగాడు. మూతి ఇలా పక్కకి తిప్పి వెతికాడు. ఏం దొరకలేదు."

అరబా బిడ్డను ఒళ్ళోకి లాక్కుని కూలబడింది. మూడో నెల నుంచీ వాణ్ణి వీపున కట్టుకునే పిండి కలిపింది. తెడ్డు ఆపగానే గుడ్డ ముడి వదులు చేసి, చంక కిందుగా వాణ్ణి ముందుకు తిప్పుకుని, పిండి చల్లారేదాకా పాలిచ్చేది. అలవాటుగా, తనకే తెలియకుండా. మూడు వారాల కిందటే మానేసింది. నడిచే పిల్లాణ్ణి వీపున కడితే కాళ్ళు వంకరపోతాయని, ఊరినుంచి దిగిన రోజే మన్సా పోరింది మరి.

ఆ మాట అరబా ఎత్తలేదు. మన్సాయే గొంతు సవరించుకుంది.

"కాళ్ళు వంకరపోతాయన్నది మాత్రం నిజం."

"నేనేమైనా అన్నానా అత్తమ్మా?"

"అనలేదు. నీ మొహం అంటోంది."

బుధవారం పిండి అంచులు వదలగానే అరబా కలపడం ఆపి, పిండి తోడమని తెడ్డు అత్తగారి చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. కోబినా అప్పుడే మూతి పక్కకి తిప్పుతున్నాడు. పక్కన ఒరిగి పాలు అందించింది. కళ్ళు తెరవకుండానే పట్టుకున్నాడు.

రోడ్డు మీద బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

"ఏడ్చాడా?" పెరట్లోంచి మన్సా కేక.

"లేదు."

"అయితే రా తల్లీ. నా భుజాలు ఊడిపోతున్నాయి."

"ఇంకాసేపు అత్తమ్మా," అంది అరబా. "తాగుతున్నాడు."