స్క్రూల మీద గోళ్ళరంగు

కూతురు బైకును తోసుకుంటూ ముందు నడుస్తోంది. తల్లి వెనకాలే, రోడ్డు మీద పడుతున్న పెట్రోలు బొట్లను లెక్కపెట్టుకుంటూ వస్తోంది.

"ఇంజనుకు జానెడు దూరంలో కారుతోంది. ఒక్క నిప్పురవ్వ చాలు."

"పొద్దుట్నుంచి ఇది పదోసారి, అమ్మా."

"పదిసార్లు చెప్పినంత మాత్రాన అబద్ధమైపోతుందా?"

కూతురిది రోజూ తెల్లారేసరికి బయల్దేరి, ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసి, పదిలోగా ల్యాబ్‌కు చేర్చే పని. బైకు లేకపోతే ఆ పని లేదు. అంత పాత బైకును ముట్టుకునే మెకానిక్ ఆ చుట్టుపక్కల ఒక్కడే. ఈ నెలలో అతను రెండుసార్లు బాగుచేశాడు. రెండుసార్లూ మూడోనాటికల్లా మళ్ళీ కారింది.

నవ్వుతూ మాట్లాడే మెకానిక్‌ను తల్లి పుట్టి బుద్ధెరిగాక నమ్మలేదు. ఇతను నవ్వుతాడు. కొత్త సామాను వేశానని చెప్పి పాతదే తుడిచి పెట్టాడని ఆమె అనుమానం. లేదంటే పిల్లను విసిగించి బండి కారుచౌకగా కొట్టేద్దామని చూస్తున్నాడు. అందుకే రెండోసారి పంపేముందు, ఇంజనుకు పెట్రోలు అందించే కార్బొరేటర్ అడుగున ఉన్న నాలుగు స్క్రూల మీదా గోళ్ళరంగు చుక్కలు పెట్టింది. బండి తిరిగొచ్చాక చూస్తే చుక్కలు పగిలి ఉన్నాయి. విప్పాడు, సరే. విప్పి లోపల ఏం పెట్టాడో ఎవరికి తెలుసు?

ఈసారి తనే దగ్గరుండి చూడాలని కూతురితో పాటు షాపుకు వచ్చింది. మెకానిక్ కార్బొరేటర్ ఊడదీసి బల్ల మీద బోర్లించి, అడుగు కప్పు విప్పుతుంటే మొహం అందులో పెట్టేసినంత పని చేసింది.

"పెద్దమ్మా, కాస్త జరిగితే నాకు వెలుతురొస్తుంది."

"నేను జరిగితే నాకు నీ చేతులు కనబడవు, బాబూ."

అతను నవ్వాడు. లోపలి ఫ్లోట్‌ను చెవి దగ్గర ఊపి చూశాడు. చిల్లి లేదు. సన్నటి నీడిల్ తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "పెట్రోలు నిండగానే ఫ్లోట్ తేలి, దీన్ని నెట్టి రంధ్రం మూయిస్తుంది. మొదట్లో పాతది అరిగి కారింది. ఇది కొత్తది, చూడండి మొన ఎలా ఉందో. మరి ఎందుకు కారుతోందో నాకే అర్థం కావట్లేదు."

"పోయినసారి వేరేది పెట్టి, ఇప్పుడు నా కళ్ళముందు మార్చావేమో."

అతని మొహంలో నవ్వు పోయింది. స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కూతురి వైపు తిరిగాడు.

"చెల్లీ, పని చెడితే పదిసార్లైనా చేస్తాను. దొంగ అనిపించుకుని చెయ్యలేను. ఇంకెక్కడైనా చూపించుకో."

"ఇంకెవరున్నారన్నా?" అంది కూతురు. అతను గుడ్డ మడిచి పక్కన పెట్టాడు. "సరే. ఉన్నదున్నట్టు బిగించివ్వు. కారుతుంటే కారనీ, అలాగే నడుపుతాను."

 కారే బండి మీద కూతురు ఎండలో వెళ్తున్నట్టు, మంట లేచినట్టు తల్లికి అప్పుడే కళ్ళకు కట్టింది. ఏదో ఒకటి అందామని నోరు తెరిచి, బల్ల వైపు చూసింది. నీడిల్ కూర్చునే రంధ్రం అంచున వెంట్రుకంత ఆకుపచ్చ నూలుపోగు.

అది తన తువ్వాలుదే. బండి కింద తను పెట్టిన సత్తుగిన్నె రోజూ నిండేది. ఆ పెట్రోలు పారబోయడానికి భయం, ఇంట్లో ఉంచడానికి భయం. కూతురు స్నానానికి వెళ్ళినప్పుడు బండి తాళంచెవి తీసుకుని, దుమ్ము పోవాలని తువ్వాలుతో వడకట్టి, మళ్ళీ ట్యాంకులోనే పోసేది.

అతను చూడలేదు. గోటితో గీరి పారేస్తే ఎవరికీ తెలియదు. వేలు ముందుకు వెళ్ళింది కూడా. కానీ ట్యాంకులో ఇంకెన్ని పోగులున్నాయో.

"బాబూ, ఇటు చూడు. ఆ పోగు నాది."

జరిగింది చెప్పింది. మెకానిక్ పోగును సూదిమొనతో లేపి చూశాడు.

"ఇంకేం, గడపలో రాయి అడ్డుంటే తలుపు మూతపడుతుందా? ఇదీ అంతే."

"పాలు వడకట్టినట్టు పెట్రోలు వడకట్టావా?" అంది కూతురు.

"పారబోస్తే ఎవడో అగ్గిపుల్ల పడేస్తాడు. ఇంట్లో ఉంచితే మనమే పోతాం. ఎక్కడిదక్కడ పోస్తే ఏ గొడవా ఉండదనుకున్నానే." తర్వాత మెకానిక్ వైపు తిరిగింది. "నిన్ను ఊరికే అనుమానించాను. అనుమానించి ఊరుకోలేదు, నాలుగిళ్ళకు చెప్పాను కూడా."

"అయితే ఆ నాలుగిళ్ళకూ మళ్ళీ వెళ్ళి చెప్పండి."

"వెళ్తాను."

అతను ట్యాంకు విప్పి ఉన్న పెట్రోలంతా వంపేశాడు, కడిగాడు, రంధ్రం తుడిచాడు, పెట్రోలు పైపు మధ్యలో నలకలు ఆపే చిన్న ఫిల్టర్ వేశాడు. అన్నీ బిగించి, కొత్త పెట్రోలు పోసి ట్యాంకు కింది ట్యాప్ తిప్పాడు. ముగ్గురూ వంగి చూశారు. బొట్టు లేదు.

"ఇక వెళ్దామా?" అంది కూతురు.

"ఇంకాసేపు చూద్దాం."

నాలుగిళ్ళలో మొదటి ఇంటావిడకు ఏమని మొదలుపెట్టాలో ఆలోచించుకుంటూ, తల్లి కార్బొరేటర్ అడుగు నుంచి చూపు తిప్పలేదు.