తంగళ్ళపల్లిలో లేని గోల్‌కీపర్

"నువ్వు లేవమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

సారక్క అయోమయంగా చూసింది. ఆయన బల్లకు ఇవతల, చేయి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉంది తను.

"ఉన్న గద సార్."

"ఇక్కడున్నావు. తంగళ్ళపల్లిలో లేవు. మా మనిషి వెళ్లి మీ వాడంతా తిరిగాడు. సారక్క అన్న పేరే విన్లేదన్నారు. నువ్వు రాసిచ్చిన ఇంటికే వెళ్లి అడిగితే, అక్కడున్నావిడ నాకు ఆడపిల్లలే లేరు పొమ్మందట. మరి పాస్‌పోర్టు కావాలంటున్న ఈ సారక్క ఎవరు?"

"మా అవ్వ గట్లన్నదా?"

"అదే నేనూ అడుగుతున్నా. మీ అవ్వేనా?"

పక్కన కుర్చీ అంచున కూర్చున్న ఏసయ్య గొంతు సవరించుకున్నాడు. ఆయన కోరుట్లలో డ్రిల్లు మాస్టారు. సారక్కను మొదటిసారి గోల్ ముందు నిలబెట్టింది ఆయనే. మూడేళ్లుగా ఆమె ఆయన అక్క ఇంట్లో ఉండి చదువుతోంది, ఆడుతోంది. నెల కిందట భారత మహిళల హ్యాండ్‌బాల్ జట్టులో ఆమె పేరు వచ్చింది. ఆసియా పోటీలకు విమానం ఎక్కాలి. శనివారంలోగా పాస్‌పోర్టు చేతికి రాకపోతే ఆమె బదులు మరో గోల్‌కీపర్ ఎక్కుతుంది. అందుకే పిలుపు రాగానే ఇద్దరూ మొదటి బస్సుకు జగిత్యాల వచ్చారు.

"సార్, అసలు ఇండియా టీమ్ సార్ ఇది," అన్నాడు ఏసయ్య. "ఆషామాషీ టీమ్ కాదు. పోయినసారి ఆసియాల మూడో ప్లేసు."

ఇన్‌స్పెక్టర్ సారక్క వైపు తిరిగాడు. "మూడో స్థానమా?"

ఏసయ్య కళ్లు అవునను అవునను అని బతిమాలుతున్నాయి. సారక్కకు ఏం చేయాలో తోచలేదు. నోరు మాత్రం తెరుచుకుంది.

"లేదు సార్. అన్ని మ్యాచులు ఓడిండ్రు. చైనోళ్లు నలభై గోల్స్ కొట్టిండ్రు. మనోళ్లు తొమ్మిది."

ఏసయ్య కళ్లు మూసుకున్నాడు.

"బాగుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఒకటే జట్టు. మాస్టారు గెలిచిందంటాడు, పిల్ల ఓడిందంటుంది. ఊళ్లో ఎవరూ ఎరగరు. మూడేళ్లుగా ఇంటికి దూరం. పేరు చివర అక్క. ఆ పేరు బళ్లో పెట్టారా, అడవిలో పెట్టారా?"

"మేడారంల మొక్కుకుంటె పుట్టిన సార్. అందుకే."

ఆయన నవ్వలేదు. టోపీ బల్ల మీదే వదిలేసి లేచాడు. "నేనెలాగూ సిరిసిల్ల వెళుతున్నా. ఎక్కండి. ఆవిడ్నే అడుగుదాం."

బయట ఆగి ఉన్నది జీపు కాదు, తెల్ల అంబాసిడర్. నక్సలైట్లు రోడ్ల కింద మందుపాతరలు పెడుతున్న రోజులు. ఆఫీసర్లు మామూలు బట్టల్లో, అద్దె కార్లలో తిరిగేవారు. ముందు సీట్లో డ్రైవరు పక్కన ఒక భారీ మనిషి, ఒళ్లో తువ్వాలు కప్పిన పొడుగాటి వస్తువుతో కూర్చున్నాడు. వెనక ఇన్‌స్పెక్టరుకూ ఏసయ్యకూ నడుమ సారక్క ఇరుక్కుంది.

బంతి విసిరే మనిషి భుజం చూసి, బంతి ఏ మూలకు వస్తుందో గోల్‌కీపర్ పసిగట్టాలి. సారక్కకు అది బాగా వచ్చు. పక్కనున్న ఈ భుజం మాత్రం ఏమీ చెప్పడం లేదు. ఇంటికే తీసుకుపోతున్నాడా? దారిలో ఎక్కడైనా మలుపు తిరుగుతుందా ఈ కారు?

"మూడో ప్లేసంటె నీ సొమ్మేం పోతుండెనే?" ఏసయ్య చెవిలో గొణిగాడు.

"అబద్ధం గద సార్."

"అబద్ధం లేకుంట ఈ జిల్లాల ఎవడు బతుకుతుండే?"

"ఏమిటా గుసగుసలు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏం లేదు సార్. గాలి మంచిగొస్తుంది అంటున్న."

వేములవాడ దాటింది. సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్యగా సాగి, మానేరు దాటి, కారు తంగళ్ళపల్లిలో నేతపనివాళ్ల వాడలోకి తిరిగింది. తిరగడమే ఆలస్యం, తలుపులు వరసగా మూసుకున్నాయి. అరుగు మీద ఇద్దరే మిగిలారు: రాట్నం ముందు నూలు కండెలు చుడుతున్న సారక్క తల్లి లసుమవ్వ, పక్కింటి బాలవ్వ.

ఇన్‌స్పెక్టర్ సారక్కను ముందుకు నిలబెట్టాడు. "ఈ అమ్మాయి ఎవరు?"

లసుమవ్వ కూతురి ముఖంలోకి నేరుగా చూసింది. రాట్నం ఆగలేదు.

"నాకేమెర్క? ఎవలి పొల్లనో."

"అవ్వా!"

"అవ్వ అంటవేందమ్మా? నన్నెన్నడన్న సూసినవా?"

"గా పొల్ల మా వాడది కాదు సారూ," బాలవ్వ అందుకుంది. "గింత పొడుగు పొల్ల మా వాడల ఏడికెల్లి వస్తది? మేమందరం పొట్టోళ్లం."

సారక్క ఇద్దరి ముఖాలూ చూసింది. పిచ్చి పట్టింది వీళ్లకా, తనకా? అప్పుడు తట్టింది. మామూలు బట్టల్లో మనుషులు వచ్చి పేరు చెప్పి అడిగితే, ఆ మనిషి మాకు తెలియదనాలి. తెలుసంటే పట్టుకుపోతారు. వాడలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. కోరుట్లలో ఉండి తనే మరిచింది. పాస్‌పోర్టు సంగతి ఇంటికి ముందే చెప్పనూ లేదు. మొన్న వచ్చిన మనిషి అడిగినప్పుడు వాడంతా కలిసి తనను కాపాడింది. ఇప్పుడూ కాపాడుతోంది. ఇంకాస్త కాపాడితే జట్టులోంచి పోవడమే కాదు, దొంగపేరు మనిషిగా లోపలికి పోవడం ఖాయం.

తను అవునని చెప్పమంటే, తల్లికి నేర్పిస్తోందంటాడు ఇన్‌స్పెక్టర్. ఎలా చెప్పాలి?

"అవ్వా, నీ కాల్మొక్త," అంటూ రెండు చేతులూ జోడించి పైకెత్తింది. చొక్కా చేతులు మోచేతుల దాకా జారాయి. ముంజేతుల మీద పచ్చగా, నల్లగా కమిలిన మచ్చలు. పది రోజుల ప్రాక్టీసులో ఆపిన బంతుల గుర్తులు.

రాట్నం ఆగింది.

"గివేంది?" లసుమవ్వ లేచింది. "ఎవడు కొట్టిండే?"

"బాల్ తాకిందవ్వా..."

వినలేదు. కండెల బుట్ట ఎత్తి ఇన్‌స్పెక్టర్ భుజం మీద మోదింది. "నీ చేతులిరగ! నా బిడ్డను గిట్ల పలగ్గొడ్తవా? ఆడిపొల్లని సూడకుంట!"

ముందు సీటు మనిషి తువ్వాలు తీశాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపాడు. నూలు పోగులు ఆయన చొక్కా మీద వేలాడుతున్నాయి.

"ఎవరి బిడ్డ?" అన్నాడు మెల్లగా.

లసుమవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఆగం జేస్తివి గదనే లసుమా," అని బాలవ్వ నుదురు కొట్టుకుంది.

ఇన్‌స్పెక్టర్ కాగితం తీసి, ఈ పిల్ల ఈ ఇంటి పిల్లేనని రాసి, తల్లి వేలిముద్ర వెయ్యాలన్నాడు. లసుమవ్వ రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. కూతురిని అప్పగిస్తున్నట్టే ఉంది ఆమెకు.

"ఏడికి తీస్కపోతరు?"

"ఆటకవ్వా. విమానంల."

"గెలుస్తది లసుమవ్వా!" ఏసయ్య ఉత్సాహంగా అన్నాడు. "గెల్సి దేశానికే పేరు తెస్తది!"

లసుమవ్వ ముఖం మాడిపోయింది. బాలవ్వ తల వంచుకుంది. రెండేళ్ల కిందట ఆమె కొడుకు వెంకటేశం గెలిచి వస్తానని చెప్పే అన్నలతో అడవికి వెళ్లాడు. వాడలో ఎవరూ ఆ పేరు ఎత్తరు.

"గెలుస్తమని పోయినోళ్లు ఎవలొచ్చిండ్రు సారూ?" అంది లసుమవ్వ. "నేనెయ్య."

ఏసయ్య మళ్లీ ఏదో అనబోయాడు. సారక్క ఆయన్ని పక్కకు నెట్టింది.

"గెలువమవ్వా. పోయినసారి మనోళ్లు ఒక్కటి గెలువలే. ఈసారి గూడ గంతే."

"ఓడితె? కొడ్తరా?"

"కొట్టరు. చేతులు కలుపుతరు. అన్నం పెడ్తరు. ఇంటికి పంపుతరు."

"అందర్నా?"

"అందర్ని."

"ఓడినోళ్లను గూడ ఇంటికి పంపే కొట్లాట ఏడుందే?" లసుమవ్వ కూతురినీ, ఇన్‌స్పెక్టరునూ మార్చి మార్చి చూసింది. అబద్ధం ఎక్కడుందో ఆమెకు దొరకలేదు. ఇన్‌స్పెక్టర్ చొక్కా మీది పోగులు ఏరుకుంటూ ఎటో చూస్తున్నాడు.

చాలాసేపటికి బొటనవేలు ముందుకు వచ్చింది. సిరా అద్దుకుంది. కాగితం మీద ముద్ర పడింది.

"ఓడిపోయి రా బిడ్డా," అంది. "పైలం. శాన బాల్లు ఆపకు."

"రేపు మళ్లీ జగిత్యాల వచ్చి కాగితం తీసుకో," అన్నాడు ఇన్‌స్పెక్టర్ కారెక్కుతూ. "శనివారంలోగా పని అయిపోతుంది."

మూడేళ్లుగా ఆపడమే నేర్చుకున్న సారక్క, తల్లి వైపు చూసింది. "అట్లనే అవ్వా."

ఆమె కారు తలుపు మీద చెయ్యి వేసేసరికి బాలవ్వ పక్కకు వచ్చింది. సారక్క ముంజేయి గట్టిగా పట్టుకుని, ఎవరికీ వినబడకుండా అంది.

"మీ అవ్వకు చెప్పకు. ఒక్కటన్న గెల్సి రావే."

"అట్లనే," అంది సారక్క ఆమెతో కూడా.