నమ్మకం లేని అల్లుడు

లిఫ్టులు బాగుచేసే ఆ మనిషిని వీధి వీధంతా "భక్తుడైన అల్లుడు" అనేది. మంచాన పడ్డ అత్తగారికి ఆరేళ్లపాటు, పక్క మార్చడం నుంచి పుండ్లకు కట్టు కట్టడం దాకా అన్నీ తన చేతులతోనే చేశాడు. పోయిన నెలలో ఆవిడ కన్నుమూసింది. ఇంట్లోనే బట్టలు కుట్టే అతని భార్య, వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పేది: "మా ఆయనకి దైవభయం ఎక్కువండీ. అందుకే అంత ఓపిక."

కాబట్టి ప్రార్థనామందిరం పెద్దాయన ఒక సాయంత్రం ఇంటికొచ్చి, "వచ్చే వారం పిల్లలకి నాలుగు మాటలు చెప్పాలి నాయనా. నమ్మకం నీ చేత ఎంత సేవ చేయించిందో నీ నోటే వినాలి" అంటే ఆమె మురిసిపోయింది.

భర్త చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ, "నేను చెప్పలేనండీ. నాకు నమ్మకం లేదు" అన్నాడు.

"నలుగురిలో మాట్లాడితే అదే వస్తుందిలే" అన్నాడు పెద్దాయన.

"అది కాదండీ. దేవుడి మీద. పోయి పదకొండేళ్లయింది."

ఆమె కుట్టుమిషను ఆపేసింది. పదకొండేళ్లు! ప్రతి వారం తన పక్కన బుద్ధిగా కూర్చున్న మనిషి!

"మరి నాతో ఎందుకు వచ్చేవారు?"

"నువ్వు రమ్మనేదానివి."

పెద్దాయన వీధి తలుపు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. "సరే, ఇది మన ముగ్గురి మధ్యే ఉండనీ. పిల్లల ముందు మాత్రం నమ్ముతున్నాననే చెప్పు. లేకపోతే వాళ్లు చెడిపోతారు."

"చెడిపోకుండా ఉండటానికి అబద్ధం చెప్పమంటారా?" అతను ఎత్తిపొడవలేదు, నిజంగానే అడిగాడు.

"పోనీ, కూతురే చేసిందని నేనే చెబుతాను" అని తేల్చేసి పెద్దాయన చెప్పులేసుకున్నాడు.

ఆయన గడప దాటగానే ఆమె లేచింది. "దేవుడే లేడనుకుంటే మా అమ్మకి అంత సేవ ఎందుకు చేశారు?"

అతను ప్రశ్న అర్థం కానట్టు చూశాడు. "ఆవిడ లేవలేకపోయేది కదే."

"అంతేనా?"

"ఇంకేం ఉంటుంది?"

ఆమె కుర్చీలో కూలబడింది. కట్టు మార్చే వేళకు ఆ వాసన పడక ప్రార్థన పుస్తకం పట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయింది తనే. తల్లి "అమ్మడూ" అని పిలుస్తున్నా వినపడనట్టు పేజీ తిప్పింది తనే. ఆరేళ్లూ దాన్ని భక్తి అనుకుంది.

వారం తిరిగింది. మందిరంలో పెద్దాయన ఆమెను ముందు కుర్చీలో కూర్చోబెట్టి, "దైవభక్తి అంటే ఏమిటో ఈ కూతుర్ని చూసి నేర్చుకోండి" అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె ఎప్పుడు లేచి నిలబడిందో తనకే తెలియదు.

"నేను చెయ్యలేదర్రా. ఒక్కనాడు కూడా కట్టు మార్చలేదు. అంతా మా ఆయనే చేశారు. ఆయన దేవుణ్ణి నమ్మరు."

చప్పట్లు ఠక్కున ఆగిపోయాయి. ముందు వరుసలోని ఓ పిల్ల, "మరి ఆయన్నే ఎందుకు పిలవలేదు?" అంది.

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. దేవుడి మీద నమ్మకం ఆమెకు రవ్వంత కూడా తగ్గలేదు. ఆ నమ్మకం చేతిలో పెట్టుకుని ఇన్నాళ్లూ తను ఏం చేసిందో తలచుకుంటేనే, లేచి ఇంటికి వెళ్లడానికి కాళ్లాడలేదు.